60 రోజులు మందు ఆపి పరుగెత్తి చూద్దామని – ఎవరైనా చేశారా?

అలసిన_బూట్లు | 1వ రోజు
అందరికీ నమస్కారం. ఇక్కడ మూడేళ్లుగా చదవడమే తప్ప రాసింది తక్కువ. వయసు 39, బరువు 82 కిలోలు. వారానికి మూడు పూటలు పరుగెడతాను. 10 కిలోమీటర్లకి 68 నిమిషాలు పడుతుంది, రెండేళ్లుగా ఆ 68 దగ్గరే గుంజకి కట్టేసినట్టు ఉండిపోయాను. మందు సంగతి: వారానికి మూడు సిట్టింగులు, ఒక్కో సిట్టింగుకి మూడు పెగ్గులు. తాగుబోతుని కాదు. (అందరూ ఇదే మాట అంటారని తెలుసు.)

మొన్న రాత్రి లెక్క తప్పింది. పొద్దున 8 కిలోమీటర్లు అనుకుని బయల్దేరినవాణ్ని మూడోదానికే రోడ్డు పక్కన కూలబడ్డాను. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు చెబుతారు కదా, నాలుగోది హ్యాంగోవర్ వైరాగ్యం. నాకది ఎప్పుడూ సాయంత్రానికల్లా ఆవిరైపోతుంది. ఈసారి ఆవిరయ్యేలోపే ఇక్కడ రాసేస్తే పరువు కోసమైనా నిలబడతానేమో అని ఈ పోస్టు.

60 రోజులు. జన్మలో ముట్టను అనట్లేదు, ఆపి చూద్దామని అంతే. బరువు ఎంత తగ్గొచ్చు? పరుగు ఎప్పటికి తేలికవుతుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బరువుబండ | 1వ రోజు
అన్నా సూపర్! ఒక గ్రాము ఆల్కహాల్‌లో 7 కేలరీలు. కొవ్వుకి 9, ప్రోటీన్‌కీ పిండిపదార్థానికీ 4 చొప్పున. అంటే నువ్వు తాగుతున్నది దాదాపు కొవ్వే. ఆపేస్తే నెలకి మూడు నాలుగు కిలోలు గ్యారంటీ.

సందేహాలరావు | 1వ రోజు
గ్యారంటీ కార్డు మీద సంతకం ఎవరిదండీ?

లెక్క వేద్దాం. 40 శాతం ఉన్న 60 ఎంఎల్ పెగ్గులో 24 ఎంఎల్ ఆల్కహాల్, బరువులో సుమారు 19 గ్రాములు, 130 చిల్లర కేలరీలు. వారానికి తొమ్మిది పెగ్గులంటే 1200. నెలకి 5000 పైన. కిలో కొవ్వుకి 7700 అంటారు. అంటే కాగితం మీద నెలకి ముప్పావు కిలో కూడా లేదు. మూడు నాలుగు కిలోల ఆశ పెట్టి పంపిస్తే ఈయన పదో రోజుకి త్రాసు మీద అలిగి మళ్లీ మొదలుపెడతాడు.

వెన్నెల_పరుగు | 1వ రోజు
రావుగారూ, లెక్క బాగుంది కానీ మంచింగ్ ఏదీ? నేను పోయినేడాది 100 రోజులు ఆపాను. నా విషయంలో గ్లాసు కంటే పక్కనున్న ప్లేటే పెద్ద దొంగ. రెండు గ్లాసుల తర్వాత చెయ్యి దానంతటదే ప్లేటులోకి వెళ్లిపోతుంది. ఏం తిన్నామో, ఎంత తిన్నామో గుర్తుండదు.

ఇంకోటి, ఆల్కహాల్‌ని శరీరం కొవ్వులాగా దాచుకోలేదు. విషం కాబట్టి ముందు దాన్నే కాల్చి బయటికి పంపాలి. అంతవరకు కొవ్వు కరగడం క్యూలో వెనక్కి జరుగుతుంది. కాలేయం గంటకి వదిలించుకునేది ఏడెనిమిది గ్రాములో, పదో. మీ మూడు పెగ్గులు దాదాపు 57 గ్రాములు. అంటే మీరు పడుకున్నాక కూడా అది నైట్ షిఫ్టులోనే ఉంటుంది. పొద్దున ఆరింటికి మీరు పరుగుకి లేచేసరికి దాని డ్యూటీ అప్పుడే దిగి ఉంటుంది.

టెస్ట్‌ట్యూబ్ | 2వ రోజు
నేను డాక్టర్ని కాను, ల్యాబ్‌లో పనిచేస్తాను. ఒక్క సలహా: ఇప్పుడే ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి, 60 రోజుల తర్వాత మళ్లీ. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, జీజీటీ (మూడూ కాలేయం సంగతి చెప్పే ఎంజైములు), ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) చాలు. కావాలంటే రక్తకణాల లెక్క కూడా.

పరుగెత్తేవాళ్లు తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. పరీక్షకి ముందు నాలుగైదు రోజులు గట్టి వర్కవుట్ చేయకండి. కండరాలు నలిగితే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ పెరుగుతాయి. కాలేయం శుభ్రంగా ఉన్నా రిపోర్టు చూసి బెదిరిపోయేవాళ్లని నేను వారానికి ఒకరినైనా చూస్తాను. జీజీటీ మాత్రం కండరాల్లోంచి రాదు, అందుకే మీ విషయంలో దాన్ని చూడాలి.

అలసిన_బూట్లు | 4వ రోజు
పరీక్ష అయింది. జీజీటీ 74. కాగితం మీద బోల్డ్‌లో కొట్టారు, మిగతావి గీత మీద ఉన్నాయి. ట్రైగ్లిజరైడ్స్ 210. రిపోర్టు మొత్తం ఫొటో తీసి పెట్టాను.

అసలు సమస్య వేరే. రేపు స్నేహితుల దగ్గర కూర్చోవాలి. "తీర్థం పుచ్చుకోవట్లేదా?" అని మొదలెడతారు. ఏం చెప్పాలి?

బరువుబండ | 4వ రోజు
యాంటీబయాటిక్ కోర్సులో ఉన్నానని చెప్పు అన్నా. ఎవడూ మాట్లాడడు.

పాతకాపు | 4వ రోజు
కోర్సు ఐదు రోజుల్లో అయిపోతుంది తమ్ముడూ. ఆ తర్వాత ఏం జబ్బు తెచ్చుకుంటాడు?

వెన్నెల_పరుగు | 4వ రోజు
"60 రోజులు ఆపాను, పరుగు కోసం" అని నిజం చెప్పేయండి. ముగింపు తేదీ ఉన్న ప్రతిజ్ఞని జనం పెద్దగా పట్టించుకోరు. "ఇక మానేశాను" అంటేనే వాళ్లకి గుచ్చుకుంటుంది, తమ గ్లాసు మీద తీర్పు చెప్పినట్టు అనిపిస్తుంది. వెళ్లగానే సోడా గ్లాసు చేతిలో పట్టుకోండి. ఖాళీ చెయ్యి కనిపిస్తేనే ఎవరో ఒకరు నింపాలని చూస్తారు.

నాకైతే ఉల్టా సమస్య. నేను ఆపానని చెబితే "అంటే ముందు తాగేదానివా!" అన్నారు.

అలసిన_బూట్లు | 9వ రోజు
రిపోర్టు: బరువు 82.6. అవును, పెరిగాను. రాత్రి ఎనిమిదయ్యేసరికి తీపి కోసం ప్రాణం లాగేస్తోంది. నా జీవితంలో ఎప్పుడూ స్వీట్లు తినే మనిషిని కాదు. నవ్వకండి.

సందేహాలరావు | 9వ రోజు
నవ్వట్లేదు. (కొంచెం.)

వెన్నెల_పరుగు | 9వ రోజు
చాలామందికి జరిగేదే, నాకు మూడు వారాలు నడిచింది. ఆ టైంకి మెదడుకి ఒక బహుమతి అలవాటు చేశారు, అది రాకపోయేసరికి పక్క కౌంటర్లో అడుగుతోంది. మొదటి రెండు వారాలు తీపి మీద యుద్ధం ప్రకటించకండి. ఒకేసారి రెండు యుద్ధాలు చేస్తే రెండూ పోతాయి. రాత్రి భోజనం మాత్రం ముందుకు జరపండి, ఏడింటికల్లా కడుపు నిండి ఉంటే సగం గొడవ తగ్గుతుంది.

నిద్రలేని_పక్షి | 13వ రోజు
ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. నాక్కూడా బూట్లు గారిలా ఆపేయాలని ఉంది. నాది వారానికి మూడు కాదు, రోజూ. క్వార్టర్‌తో మొదలై ఈ ఏడాది ఒకటిన్నరకి వచ్చింది. రేపటి నుంచి ఒక్క చుక్క కూడా వద్దని నిర్ణయించుకున్నాను. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు చేతులు వణుకుతాయి, పది పదకొండుకి కొంచెం పడితే సర్దుకుంటుంది. అది ఎన్ని రోజుల్లో పోతుంది? ఇంట్లో చెప్పలేదు.

పాతకాపు | 13వ రోజు
పక్షి గారూ, ఆగండి. రేపు ఆపొద్దు. మానేయమని అందరికీ చెప్పేవాణ్ని నేనే, మీకు మాత్రం ఇలా చెబుతున్నాను. సొంతంగా, ఒక్కసారిగా ఆపొద్దు.

ఆరేళ్ల కిందట నేను సరిగ్గా మీరు అనుకున్నట్టే చేశాను. మగాడిలా ఆపేస్తానని పంతం. మొదటి రోజు వణుకు, చెమటలు, నిద్ర లేదు. ఇదంతా మందు బయటికి పోవడమే అనుకుని పళ్లు బిగించాను. రెండో రోజు మధ్యాహ్నం బాత్రూంలో ఫిట్స్ వచ్చి పడిపోయాను. తల పగిలింది. అప్పుడు ఇంట్లో మా ఆవిడ ఉంది కాబట్టి ఇవాళ ఇక్కడ టైప్ చేస్తున్నాను. ఆసుపత్రిలో మూడో రోజు రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని నర్సుతో గొడవపడ్డానట. నాకు గుర్తులేదు.

పొద్దున వణుకు, కొంచెం పడితే సర్దుకోవడం, ఈ రెండూ ఉన్నాయంటే శరీరం మందుని లెక్కలో వేసుకుని నడుస్తోందని అర్థం. దాన్ని ఒక్కసారిగా లాగేస్తే కూలుతుంది. దీనికి మందులున్నాయి, డాక్టరు దగ్గరుండి ఐదారు రోజుల్లో దింపుతారు. నేను రెండోసారి అలాగే ఆపాను. మొదటిసారి పడ్డ నరకంలో పదో వంతు కూడా లేదు.

టెస్ట్‌ట్యూబ్ | 13వ రోజు
పాతకాపు గారు చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను, ఇది ఎవరికైనా పనికొస్తుంది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు హఠాత్తుగా ఆపితే వణుకు, కంగారు మొదటి 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి. ఫిట్స్ ప్రమాదం ఎక్కువగా మొదటి 48 గంటల్లో. మనిషి అయోమయంలో పడటం, లేనివి కనిపించడం, జ్వరం, గుండెదడ కలిసి వచ్చే డెలీరియం అనే స్థితి సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య. అది ప్రాణం తీయగలదు. ఇందులో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

డాక్టరుతో అబద్ధం చెప్పకండి. "అప్పుడప్పుడూ రెండు పెగ్గులు" అంటే ఆయన దానికి తగ్గట్టే మందు రాస్తాడు. రోజుకి ఎంతో, చివరిసారి ఎప్పుడో, ఇదివరకు ఫిట్స్ వచ్చాయో లేదో చెప్పండి. విటమిన్ బి1 కూడా ఇస్తారు, రోజూ తాగేవాళ్లలో అది తగ్గిపోయి మెదడుకి దెబ్బ తగులుతుంది.

మోడరేటర్ | 13వ రోజు
పై రెండు పోస్టులనూ చర్చ పైభాగంలో పిన్ చేశాను. ఆపే ముందు అందరూ చదవండి. పక్షి గారూ, మీకు ఏ సలహా అయినా ఇక్కడ కాదు, డాక్టరు దగ్గరే.

నిద్రలేని_పక్షి | 13వ రోజు
సరే. తమ్ముడికి చెప్పాను. రేపు తీసుకెళ్తానన్నాడు.

అలసిన_బూట్లు | 17వ రోజు
పక్షి గారూ, ఎలా ఉన్నారో వీలు చూసుకుని ఒక్క ముక్క రాయండి.

నా సంగతి: నిద్ర! ఇన్నేళ్లూ రెండు పెగ్గులు వేస్తే హాయిగా పడుతుందనుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం వయసు వల్ల అనుకున్నాను. 12వ రోజు నుంచి ఒక్కసారి కూడా లేవలేదు. వాచీలో విశ్రాంతి నాడి 64 నుంచి 58కి వచ్చింది. గురక తగ్గిందని ఇంట్లో ధ్రువీకరణ.

ఒక్కటే విచిత్రం. కలలు. రంగుల కలలు, పెద్ద పెద్దవి. నిన్నైతే తాగేసినట్టే కల. లేచి "అయ్యో, 16 రోజులు పోయాయే" అని రెండు నిమిషాలు ఏడుపు మొహం వేసుకుని కూర్చున్నాను.

పాతకాపు | 17వ రోజు
హహ. నాకు ఆరేళ్లయినా అప్పుడప్పుడు వస్తుంది ఆ కల. లేవగానే నోరు వాసన చూసుకుంటాను.

వెన్నెల_పరుగు | 17వ రోజు
మందు త్వరగా నిద్రపుచ్చుతుంది, కాదనను. కానీ రాత్రి మొదటి సగంలో కలల నిద్రని నొక్కేస్తుంది, రెండో సగంలో నిద్రని ముక్కలు చేస్తుంది. ఆ మూడింటి మెలకువ అక్కడిదే. గొంతు కండరాలు సడలడం వల్ల గురక. మూత్రాన్ని అదుపు చేసే హార్మోన్‌ని కూడా అణిచేస్తుంది, అందుకే బాత్రూం ట్రిప్పులు, పొద్దున ఎండిన నోరు. ఇప్పుడు కలల బాకీ వడ్డీతో తీరుస్తోంది మీ మెదడు.

బరువుబండ | 24వ రోజు
మర్చిపోయా, కండ సంగతి చెప్పాలి. 2014లో ఒక ప్రయోగం చేశారు. వర్కవుట్ తర్వాత ప్రోటీన్‌తో పాటు ఆల్కహాల్ ఇస్తే కొత్త కండ తయారయ్యే వేగం 24 శాతం తగ్గింది. ప్రోటీన్ లేకుండా ఆల్కహాల్ అయితే 37 శాతం. నేను అది చదివాకే శనివారం సిట్టింగ్ మానేశా.

సందేహాలరావు | 24వ రోజు
నేనూ చదివాను. ఎనిమిది మంది కుర్రాళ్లు. మోతాదు కిలో బరువుకి 1.5 గ్రాములు. 70 కిలోల మనిషికి 105 గ్రాములు, అంటే అయిదున్నర పెగ్గులు! అంత తాగినవాడు మర్నాడు జిమ్ముకి రావడమే వార్త. ఒకటి రెండింటికి ఏమవుతుందో ఆ ప్రయోగం చెప్పదు.

బరువుబండ | 24వ రోజు
మీరు ఒక్క పోస్టుకైనా "అవును" అంటారా రావుగారూ 😄

సందేహాలరావు | 24వ రోజు
అంటాను. 2018లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనానికి సగం అవును. నెల రోజులు ఆపిన 94 మందిని, ఆపనివాళ్లని పోల్చారు. ఆపినవాళ్లలో ఇన్సులిన్ నిరోధకత (అంటే శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినకపోవడం) పావు వంతు తగ్గింది, బీపీ ఆరు శాతం పైగా తగ్గింది, బరువు ఒకటిన్నర శాతం. తిండిలో, వ్యాయామంలో పెద్ద మార్పేమీ లేకుండానే. మిగతా సగం ఎందుకు అవును కాదంటే, వాళ్లు తమంతట తాము ఆపాలనుకున్నవాళ్లు, లాటరీ వేసి విడదీసినవాళ్లు కాదు. బూట్లు గారూ, 82 కిలోలకి ఒకటిన్నర శాతం ఎంతో చూసుకోండి. కిలోంబావు దాటదు. మొదటి రోజు నేను చెప్పిందానికి చాలా దూరం లేదు.

కొత్త_గాలి | 25వ రోజు
రోజుకో పెగ్గు గుండెకి మంచిదని మా పెద్దాయన అంటారు. ఈ హడావిడి అంతా ఎందుకు?

టెస్ట్‌ట్యూబ్ | 25వ రోజు
పాత అధ్యయనాల్లో "తాగనివాళ్లు" అనే గుంపులో జబ్బు చేసి మానేసినవాళ్లు కూడా కలిసిపోయారు. వాళ్లతో పోలిస్తే కొంచెం తాగేవాళ్లు ఆరోగ్యంగా కనబడరా మరి? 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని చెప్పింది. క్యాన్సర్ కారకాల మొదటి తరగతిలో ఇది 1988 నుంచే ఉంది. మీ పెద్దాయనకి నా నమస్కారాలు.

అలసిన_బూట్లు | 38వ రోజు
చాలా రోజులైంది. ఇప్పుడు రాసేది పరుగు గురించి కాదు.

మొదటి నెల కొత్త బొమ్మలా గడిచిపోయింది. ఈ వారం కష్టంగా ఉంది. తాగాలని కాదు. ఏడున్నర నుంచి పదింటి దాకా ఏం చెయ్యాలో తెలియట్లేదు. ఆఫీసు నుంచి వచ్చాక మొదటి పెగ్గు నాకు గంట కొట్టినట్టు. స్కూలు వదిలేశారు, ఇక నన్నెవరూ ఏమీ అడగరు అన్నట్టు. ఇప్పుడా గంట లేదు. పదింటి దాకా ఆఫీసు బుర్రలోనే నడుస్తోంది. నిన్న కారణం లేకుండా పిల్లాడి మీద అరిచాను. స్నేహితుల దగ్గర కూర్చుంటే రెండో గంటకి వాళ్ల కబుర్లు చెప్పినవే చెబుతున్నట్టు తెలుస్తోంది. ఇన్నేళ్లూ నేనూ అదే చేశానన్నమాట.

మందు ఆపితే మందు గురించి తెలుస్తుందనుకున్నాను. నా సాయంత్రాలు ఇంత ఖాళీ అని తెలుస్తుందనుకోలేదు.

వెన్నెల_పరుగు | 38వ రోజు
నా 100 రోజుల్లో 35 నుంచి 50 దాకా ఇదే. ఎవరూ చెప్పరు ఎందుకో. నేను ఆ గంట కోసం పరుగుని పొద్దున్నుంచి సాయంత్రానికి మార్చాను. ఆఫీసు బట్టలు విప్పడం, బూట్లు వేసుకోవడం, అదే నా గంట. మూడు కిలోమీటర్లు నెమ్మదిగా, టైం చూసుకోకుండా. వచ్చి స్నానం చేశాక రోజు ముగిసినట్టు ఉండేది.

పాతకాపు | 38వ రోజు
పిల్లాడికి సారీ చెప్పావా?

అలసిన_బూట్లు | 38వ రోజు
చెప్పాను. "పర్లేదులే, ఇంతకుముందు నువ్వు గట్టిగా నవ్వినప్పుడు ఎక్కువ భయమేసేది" అన్నాడు. ఏం అనాలో తెలియలేదు.

బరువుబండ | 39వ రోజు
అన్నా 🙏

అలసిన_బూట్లు | 60వ రోజు
లెక్కలు. బరువు 80.1. విశ్రాంతి నాడి 56. జీజీటీ 33, ట్రైగ్లిజరైడ్స్ 148. 10 కిలోమీటర్లు 64 నిమిషాల 20 సెకన్లు. సాయంత్రం పరుగు కలపడంతో వారానికి మూడు పూటలు కాస్తా ఐదయ్యాయి, కాబట్టి ఇందులో మందు వాటా ఎంతో, బూట్ల వాటా ఎంతో నేను చెప్పలేను. రావుగారు ఎలాగూ అడుగుతారని ముందే ఒప్పుకుంటున్నాను.

సందేహాలరావు | 60వ రోజు
నా ఉద్యోగం పోయింది.

టెస్ట్‌ట్యూబ్ | 60వ రోజు
జీజీటీ ఆపాక రెండు మూడు వారాలకి సగం చొప్పున దిగుతుంది, మీది పాఠంలా దిగింది. మీ పాత రిపోర్టులో ఎంసీవీ, అంటే ఎర్రకణాల సైజు, 99 ఉంది. అది ఇంకా పెద్దగా కదలకపోతే కంగారుపడకండి. ఎర్రకణం నాలుగు నెలలు బతుకుతుంది, పాత సరుకు అమ్ముడయ్యేదాకా కొత్తది కనబడదు.

అలసిన_బూట్లు | 66వ రోజు
నిజాయితీగా రాస్తున్నాను. మొన్న రాత్రి రెండు తాగాను. మొదటిది బాగుంది. రెండోది ఎందుకు పోసుకున్నానో తెలియదు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. సరిగ్గా మూడింటికి మెలకువ! పొద్దున నాడి 67. వారానికి ఒక్కరోజు చాలా, అసలు వద్దా, ఇంకా తేల్చుకోలేదు. ఇంకో 30 రోజులు ఆపి అప్పుడు ఆలోచిస్తాను.

నిద్రలేని_పక్షి | 67వ రోజు
అందరికీ నమస్కారం, ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. మధ్యలో ఒకసారి జారాను, మళ్లీ వెళ్లాను. ఇప్పటికి 31 రోజులు. వారానికోసారి కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాను, తమ్ముడు వస్తాడు తోడు.

పరుగు వద్దు, నడక వరకే అన్నారు డాక్టరు. బూట్లు గారూ, మామూలు బూట్లు సరిపోతాయా, వేరేవి కొనాలా?

అలసిన_బూట్లు | 67వ రోజు
నడకకి ఉన్నవి చాలు, వేలి ముందు కాస్త జాగా ఉంటే. కొత్తవి కొనాల్సివస్తే సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి అసలు సైజు తెలుస్తుంది. ఎన్నింటికి నడుస్తున్నారు?

నిద్రలేని_పక్షి | 67వ రోజు
ఏడున్నరకి.